ముల్లు చూపిన బరువు

ఏడుస్తున్న మనిషిని నమ్మవచ్చా, నమ్మకూడదా అన్న సందేహం డిటెక్టివ్‌ను ఎన్నో ఏళ్లుగా పట్టుకుని వదల్లేదు. కడుపు మండి ఏడ్చేవాడికీ, పైపైన ఏడ్చేవాడికీ దేవుడు ఒకే రకం కన్నీళ్లు ఎందుకు పెట్టాడు? కనీసం రంగైనా వేరుగా ఉంటే తనలాంటివాళ్ల పని ఎంత తేలికయ్యేది! రోజూ పొద్దున దేవుడి ముందు చేతులు జోడించినప్పుడల్లా ఈ మాట అడుగుతూనే ఉంటాడు. దేవుడు ఇంతవరకూ జవాబు చెప్పలేదు. ఈయనా అడగడం మానలేదు. ఇలాంటి ప్రశ్నలు వేస్తుంటాడు గనకే తెలిసినవాళ్లు ఆయన్ని సందేహాలయ్య అంటారు. ఆ పేరు పెట్టింది పరాయివాడు కాదు, స్వయానా బావమరిది. పోలీసు ఇన్‌స్పెక్టర్.

ఇప్పుడు సందేహాలయ్య ఎదుట కూర్చుని ఏడుస్తున్నవాడు బాక్సింగ్ పోటీలు పెట్టించే ప్రమోటర్. అందరూ బాకా అంటారు. పోటీ ఇంకా నెల ఉందనగానే మైకు పట్టుకుని ఊదడం మొదలుపెడతాడని ఆ పేరు.

"వాడు నాకు కొడుకుతో సమానమండీ," అన్నాడు బాకా, చేతిరుమాలు కళ్లకు ఒత్తుకుంటూ. "కన్నకొడుకైనా అంత మాట వినడు. కోటుగాడే చంపించాడు. ఇదే నా మాట, రాసుకోండి."

కోటు అంటే అవతలి ప్రమోటర్. మండుటెండలో కూడా కోటు విప్పడు. బాకా, కోటు ఒకప్పుడు ఒకే జిమ్‌లో చెమటోడ్చినవాళ్లు, ఒకే బెంచీ మీద పడుకున్నవాళ్లు. ఇప్పుడు ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుంది.

బాకా వెనక గోడనిండా ఒకే కుర్రాడి బొమ్మ. గ్లవ్స్ ఎత్తి పట్టుకుని, పళ్లు బిగించి, కళ్లలో మాత్రం నవ్వు దాచుకున్న కుర్రాడు. రింగులో వాడి పేరు పిడుగు. నిన్న సాయంత్రం కోటు తరఫు కుర్రాడితో తలపడవలసినవాడు. నిన్న పొద్దున తొమ్మిదింటికే, పోటీ జరగాల్సిన హాల్లో, డ్రెస్సింగ్ రూములో నేలకొరిగాడు. ఆస్పత్రికి చేర్చేసరికి గుండె ఆగిపోయింది. ఒంట్లో నీరు లేదు, ఉప్పు లేదు అన్నారు డాక్టర్లు. నీరు లాగేసే మాత్రలు రక్తంలో దొరికాయి. ఒకటీ రెండూ కాదు.

మాత్రల అట్ట దొరికింది మేనమామ సంచిలో. రింగు మూలన నీళ్లసీసా, తువ్వాలు పట్టుకుని నిలబడే మనిషి అతనే. "మాత్రలు నావే" అన్నాడు, ఇంక నోరు మెదపలేదు. పోలీసులు లోపల వేశారు. ఈ మధ్యాహ్నం హత్యానేరం కింద కోర్టులో పెట్టబోతున్నారు.

తెల్లవారకముందే పిడుగు తల్లి సందేహాలయ్య ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా కొడుకు ఎలాగూ రాడు బాబుగారూ. తమ్ముణ్ణయినా తెచ్చిపెట్టండి. పసివాడిగా ఉన్నప్పుడు నా బిడ్డను భుజాల మీంచి దించేవాడు కాదు. ఆ చేతులే చంపాయంటే నేనింక ఎవర్ని నమ్ముకుని బతకాలి?" అంది. సందేహాలయ్య భార్య ఆమె చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత భర్త వంక చూసిన చూపుకు అర్థం ఒక్కటే: ఇది కాదనడానికి వీల్లేదు.

"ప్రమోటర్ గారూ," అన్నాడు సందేహాలయ్య నెమ్మదిగా. "ముందురోజు తూకం అయిపోయింది కదా. కుర్రాడు అరవై కిలోల లోపే తూగాడు. బరువు తగ్గడానికి నోరు కట్టుకున్నవాడెవడైనా తూకం కాగానే కడుపునిండా నీళ్లు తాగుతాడు. మరి వీడు మర్నాడు పొద్దున దాకా ఎందుకు ఎండాడు?"

"రెండో తూకం ఉంది గనక! ఆ కోటుగాడు పెట్టిన మెలిక. మావాడు తూకం అవగానే తిని తాగి, తెల్లారేసరికి బరువు పెరిగి వాళ్ల కుర్రాడి మీద పైబడతాడట. పోటీ రోజు పొద్దున పదింటికి మళ్లీ తూచాలి, మళ్లీ అరవై దాటకూడదు, అని కాయితంలో రాయించాడు."

"మీరు ఒప్పుకున్నారు."

"ఒప్పుకోక? భయపడి వెనక్కి తగ్గాడంటాడు. అయినా మా కోచ్ చేతిలో తయారైన కుర్రాడు తూకం తప్పడం చరిత్రలో లేదండీ. కోచ్ అంటే పిడుగు వాళ్ల నాన్నే. ఆయన ఎప్పుడూ ఒకటే మాట చెప్తాడు: 'తూకం ముందు రాత్రి భయమే కిలోన్నర తినేస్తుంది' అని. జిమ్‌లో అరవై ఉన్నవాడు తూకం దగ్గర యాభై ఎనిమిదిన్నరే తూగుతాడు. అందరూ అంతే. మంత్రమేసినట్టు!"

సందేహాలయ్య ఆ మాట మనసులో ఒక మూలన పెట్టుకున్నాడు. పక్కగదిలో పోస్టర్లు వేసే మనిషి పిడుగు ఫోటో చుట్టూ నల్లటి అంచు గీస్తున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో 'స్మారక పోటీ' అని అప్పుడే రాసేశాడు.

"మీ దగ్గరికి వచ్చే ముందు కోటు గారిని కలిశాను," అన్నాడు సందేహాలయ్య.

"వాడేం కూశాడు?"

"పిడుగు మేనమామ మొన్న సాయంత్రం తన దగ్గరికి వచ్చాడని చెప్పాడు. పోలీసులు అనుకుంటున్నట్టు బేరానికి కాదు. 'పిల్లాడు ఎండిపోతున్నాడు, ఆ రెండో తూకం ఎత్తేయండయ్యా' అని చేతులు పట్టుకున్నాడట. అప్పటికి చూద్దాంలే అని పంపించేశాడట కోటు. తర్వాత అన్నం సహించలేదట. 'ఆ దాహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎండినవాణ్ణి కొట్టి గెలిస్తే మావాడిది మాత్రం ఏం గెలుపు' అన్నాడు. అని, మీకు ఫోన్ చేశాడట."

చేతిరుమాలు కళ్ల దగ్గరే ఆగిపోయింది.

"చేశాడా, లేదా?"

"చేస్తే మాత్రం..."

"రెండో తూకం లేదు, ఎత్తేశాను అని చెప్పాడు. ఆ కాల్ తన ఫోన్‌లో చూపించాడు. అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆ మాట మీరు కోచ్‌కి చెప్పారా?"

బాకా గోడ మీది బొమ్మ వైపు చూడబోయి, మధ్యలోనే తల తిప్పుకున్నాడు.

"మేనమామకి?"

"లేదు."

"కుర్రాడికి?"

"లేదండీ! ఎవ్వరికీ చెప్పలేదు!" బాకా గొంతు ఒక్కసారి లేచి, వెంటనే పడిపోయింది. "వాడి దయ నాకెందుకు? రేపు మైకు పట్టుకుని 'బాకా కుర్రాడికి నేను పెట్టిన భిక్ష' అంటాడు. పదింటికి మేం తూకానికి వెళ్దాం, వాళ్లెవరూ రారు, విలేకరుల ముందు 'చూశారా, తోక ముడిచారు' అందాం అనుకున్నాను. ఒక్క రాత్రే కదా అనుకున్నాను. ఒక్క రాత్రి దాహానికి మనిషి చచ్చిపోతాడని ఎవడనుకుంటాడు?"

బాకా కళ్లు పొడిగా, ఎర్రగా, తెరుచుకునే ఉన్నాయి. చేతిరుమాలు ఒళ్లో పడి ఉన్నా దాని సంగతే మర్చిపోయాడు. ఇంతసేపూ ఏడ్చినప్పుడు నమ్మని సందేహాలయ్య, ఇప్పుడు మొదటిసారి ఆ మనిషి దుఃఖాన్ని నమ్మాడు.

లేచి వెళ్తుంటే బాకా వెనకనుంచి పిలిచాడు. "ఏవండీ... ఆ పోస్టరు ఆపేయమని చెప్పండి కాస్త. నాకు గొంతు రావడం లేదు."

* * *

డ్రెస్సింగ్ రూము తలుపు దగ్గర కానిస్టేబుల్ దారి ఇచ్చాడు. లోపల ఇన్‌స్పెక్టర్ కుర్చీ తిరగేసి, దాని వీపు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"రా బావా, రా. ఇంకా రాలేదేమా అనుకుంటున్నా. అక్క పంపించిందా, దేవుడు పంపించాడా?"

"ఇద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు. కాదనే ధైర్యం నాకెక్కడిది?"

"నాకు మాత్రం రెండింటికల్లా కోర్టులో ఉండమని ఆజ్ఞ. చూసేదేదో గబగబా చూసెయ్."

సందేహాలయ్య గదంతా కలియజూశాడు. కిటికీ లేని గది. గోడవారగా ఒక బెంచీ, పక్కన మేకుకు వేలాడుతున్న నీలం గౌను, రింగులోకి నడిచేటప్పుడు వేసుకునేది. నేల మీద ప్లాస్టిక్ సూటు, ఒళ్లంతా కప్పి చెమట పట్టించడానికి వేసుకునేది; దాని లోపలి వైపు ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. బెంచీ కింద నీళ్లసీసా. మూత చుట్టూ తెల్ల టేపు బిగించి, దాని మీద మేనమామ సంతకం. సీసా ఎవరూ ముట్టుకోలేదనడానికి బాక్సర్ల మనుషులు అలా చేస్తారు. టేపు తెగలేదు. నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

"పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు," అన్నాడు సందేహాలయ్య.

"సీసాలో విషం కలిపాడని నేనెప్పుడన్నాను? మాత్రలు అన్నాను. అట్ట మీద మేనమామ వేలిముద్రలున్నాయి. ముందురోజు శత్రువు ఇంటికి వెళ్లాడు. తనవే అని ఒప్పుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి, దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెప్పాలా?"

"అట్ట చూపించు."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి, ప్లాస్టిక్ సంచీలో ఉన్న అట్ట తీసి ఇచ్చాడు. సందేహాలయ్య దాన్ని దీపం కిందికి పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. పది మాత్రల అట్ట. ఒక మూల ఒక్క మాత్ర మందం, కత్తెరతో తీర్చి కత్తిరించినట్టుంది. మిగిలిన రేకంతా చిందరవందరగా చిరిగి ఉంది.

"ఈ ఒక్కటి మేనమామ ఇచ్చింది. బాక్సర్ల చేతులకు చుట్టే పట్టీలు కోసే మనిషి గదా, చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది. మిగిలినవి చూడు, పంటితో చింపినట్టు ఎలా ఉన్నాయో. రేకు అంచున గోధుమరంగు మరక ఉంది. ఏమిటది?"

ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి వంగి చూశాడు. "రక్తంలా ఉంది."

"దాహానికి పెదాలు పగిలినవాడి రక్తం. పరీక్ష చేయించు, అది పిడుగుదేనని తేలుతుంది. మామయ్య ఒకటిచ్చాడు. ఆయన అటు తిరగ్గానే మిగిలినవన్నీ కుర్రాడే సంచిలోంచి తీసుకుని మింగేశాడు."

"ఎందుకు మింగుతాడు? ముందురోజే అరవై లోపు తూగాడుగా! రాత్రి కూడా ఏమీ తినలేదు, తాగలేదు. మరి బరువు ఎలా పెరుగుతుంది?"

"అదే నా సందేహం."

"మొదలైంది! ఆ పేరు నీకు ఊరికే పెట్టలేదు బావా." ఇన్‌స్పెక్టర్ గొంతులో వేడి పెరిగింది. "నీకు మనుషులందరూ మంచివాళ్లే. మంచివాడు ఎందుకు నోరు విప్పడు చెప్పు? రాత్రంతా అడిగాను. ఒక్కటే మాట: 'తప్పు నాదే. మా బావను ఏమీ అడక్కండి' అని. ఆస్పత్రిలో నర్సు కుర్రాడి బరువు యాభై ఎనిమిదిన్నర అని చదవగానే, గోడకు జారబడి కూలిపోయాడట. అది పాపం చేసినవాడి లక్షణం కాదా?"

సందేహాలయ్య చటుక్కున తలెత్తాడు. "బరువు వినగానేనా? చనిపోయాడని చెప్పినప్పుడు కాదా?"

"కాదు. అది విన్నప్పుడు నిలబడే ఉన్నాడట."

ఒక అంకె విని మనిషి కూలిపోవడమా? సందేహాలయ్య చూపు మళ్లీ గదంతా తిరిగింది. ఈసారి తలుపు వెనక ఆగింది. అక్కడ, తువ్వాలు కప్పి, ఇనుప పీఠం ఉన్న కాటా ఒకటి ఉంది. బరువు తూచుకునేది. ముందువైపు గుండ్రటి డయల్, అందులో నల్లటి ముల్లు.

"ఇది ఈ హాలుదేనా?"

"కాదు. జిమ్ నుంచి మేనమామే వ్యానులో వేసుకొచ్చాడు. కుర్రాడు అడిగాడట. గదులు ఊడ్చే ఆవిడ చెప్పింది. పడిపోయే ముందు లోపలినుంచి 'వచ్చేసింది మామయ్యా, అరవై!' అని కుర్రాడు సంతోషంగా అరవడం కూడా విందట."

సందేహాలయ్య కాటా మీది తువ్వాలు తీసి పక్కన పడేశాడు.

"నీ బరువెంత?" అన్నాడు సందేహాలయ్య.

"ఇప్పుడు నా బరువెందుకు?"

"చెప్పవయ్యా."

"డెబ్బై ఎనిమిది. పోయిన వారమే డిపార్టుమెంటు డాక్టరు తూచాడు."

"ఇది ఎక్కు."

ఇన్‌స్పెక్టర్ బూట్లు విప్పి ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది. డెబ్బై తొమ్మిదిన్నర.

"మొన్న మీ ఇంట్లో భోంచేశాను కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అక్క వడ్డించడం మొదలుపెడితే ఆపదు." కానీ నవ్వలేకపోయాడు.

సందేహాలయ్య వంగి డయల్ చూశాడు. అడుగున, సున్నా ఉండాల్సిన చోట, అద్దానికి అడ్డంగా తెల్ల టేపు అతికించి ఉంది, పగులుకు అతుకు వేసినట్టు. గోటితో ఒక కొస మెల్లగా లేపాడు. అద్దం ఎక్కడా పగల్లేదు. ఇన్‌స్పెక్టర్ దిగిపోయాడు, పీఠం ఖాళీగా ఉంది. ముల్లు మాత్రం సున్నా మీద లేదు. ఒకటిన్నర మీద ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఈల వేయబోయి ఆగాడు. "ఫోటో తియ్యి," అని కానిస్టేబుల్‌ను కేకేశాడు. ఫోటో అయ్యాక అతని కళ్లు మెరిశాయి. "కాటాను ఎవరో తిప్పారు! కుర్రాడు అరవై లోపే ఉన్నాడు. ఇది అరవై దాటిందని చూపించింది. అరవైకి దిగాలని మాత్రలు మింగాడు. అరవై అని చూపించేసరికి నిజానికి యాభై ఎనిమిదిన్నరకు పడిపోయాడు, ప్రాణం పోయింది. బావా, ఇది తిప్పినవాడే హంతకుడు! కోటు మనిషా? బాకా మనిషా?"

సందేహాలయ్య వేలు ఇంకా ఆ టేపు మీదే ఉంది. పైపొర తెల్లగా ఉంది. దాని కింద ఇంకో పొర పసుపుపచ్చగా, దాని కింద మరొకటి మట్టిరంగులో. నిన్నా మొన్నా అతికించింది కాదు. పాతది ఊడిపోయినప్పుడల్లా ఎవరో ఓపికగా మళ్లీ మళ్లీ అతికిస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి. ఏ శత్రువూ ఇంత ఓపికగా ఉండడు. 'భయమే కిలోన్నర తినేస్తుంది.' తూకం ఎన్నడూ తప్పని పిల్లలు. మంత్రమేసినట్టు.

నర్సు నోట ఆ అంకె విని మేనమామ ఎందుకు కూలిపోయాడో, బావను ఏమీ అడక్కండి అని ఎందుకు బతిమాలాడో ఇప్పుడు అర్థమైంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తన కాళ్ల మీద పడినా ఫర్వాలేదు గానీ, ఆ అక్కాబావల కాళ్ల మీద పడకూడదనుకున్నాడు.

"నీకు తెలిసిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బావ ముఖంలోకి చూస్తూ. "పేరు చెప్పు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే రెండింటికి మేనమామ బోనెక్కుతాడు. నాకు వేరే దారి లేదు."

"అతను చంపలేదని నీకూ తెలుసు ఇప్పుడు."

"నాకు తెలిస్తే చాలదు. ఎందుకు తిప్పారు, ఎవరు తిప్పారు, రేపు జడ్జి అడుగుతాడు. ఎవరిని కాపాడుతున్నావు బావా? ఇన్నేళ్లలో నువ్వు నా ముందు అబద్ధం ఆడలేదు. ఇవాళ మొదలుపెట్టకు."

ఒకణ్ణి బోనులోంచి దించాలంటే ఇంకొకణ్ణి బతికుండగానే పాతిపెట్టాలా? ఇదేం లెక్క స్వామీ, అని సందేహాలయ్య లోపల్లోపల అడుగుతుండగానే, బయట అడుగుల చప్పుడు, కానిస్టేబుల్ గొంతు వినిపించాయి. "కోచ్ గారండీ. లోపలికి రావచ్చా అంటున్నారు."

టేపును బొటనవేలితో గబుక్కున అద్దానికి ఒత్తేశాడు సందేహాలయ్య. తువ్వాలు అందలేదు. ఆ కాటాను దాచడానికి ఇంకేం తోచక, తనే ఎక్కి దాని మీద నిలబడ్డాడు.

పిడుగు తండ్రి లోపలికి వచ్చాడు. విరిగిన ముక్కు, వెడల్పాటి భుజాలు. ఒక్కరోజులో ఆ భుజాలు ముందుకు వాలిపోయాయి. "క్షమించండయ్యా," అన్నాడు. "వాళ్లమ్మ వాడి గౌను అడిగింది. చలేస్తుందేమో, కప్పుతానంటోంది."

"తీసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎప్పుడూ లేనంత మెల్లగా.

తండ్రి మేకు మీంచి గౌను తీసి, చేతులు లోపలికి మడిచి, పసిబట్టల్లా జాగ్రత్తగా మడతపెట్టాడు. వెనక్కి తిరిగాడు. కాటా మీద నిలబడ్డ పెద్దమనిషి కనిపించాడు. ఎన్నో ఏళ్లుగా అలవాటైన మాట, ఆలోచన కంటే ముందే నోట్లోంచి వచ్చేసింది.

"కిలోన్నర తీసేసి చూసుకోండయ్యా. అది ఎక్కువ చూపిస్తుంది." గౌను చంకలో పెట్టుకున్నాడు. "నేనే అలా పెట్టాను. పిల్లలకు చెప్పను. చెప్తే బద్ధకిస్తారు. అరవై వచ్చిందనుకుని సంతోషిస్తారు, అక్కడ తూకంలో అంతకంటే తక్కువే ఉంటారు, ఎవడూ అవమానపడడు. రాత్రి భయం తినేసిందని చెప్తుంటాను..."

నోరు ఆగింది. చూపు ఇనుప పీఠం మీద, దాని అంచున జిమ్ పేరు ఉన్న ఎర్ర రంగు మీద నిలిచింది.

"ఇది మా కాటా కదా," అన్నాడు. "ఇక్కడికి ఎలా వచ్చింది?"

సందేహాలయ్య మెల్లగా కిందికి దిగాడు.

"ఎప్పుడు తెచ్చారు?"

ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం సందేహాలయ్య వల్ల కాలేదు. "నిన్న పొద్దున."

"నేను రిఫరీతో నిబంధనల మీటింగుకి వెళ్లాను," అన్నాడు తండ్రి, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "రాత్రి తూచినప్పుడు అరవైన్నర చూపించింది. 'ఏం కాదు, నీళ్లు తాగరా' అన్నాను. నవ్వాడు. నాన్న కదా, ప్రేమకొద్దీ అంటున్నాననుకున్నాడు. గ్లాసు తీసుకున్నాడు గానీ..." ఊపిరి పీల్చుకున్నాడు. "ముల్లు ఎంత చూపించింది? చివర్న?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకుని చెప్పాడు. "అరవై."

తండ్రి పెదాలు కదిలాయి. అరవైలోంచి కిలోన్నర తీసేశాడు. చంకలోంచి గౌను జారి నేల మీద పడింది.

"మా బావమరిదికి తెలుసా?"

"తెలుసు," అన్నాడు సందేహాలయ్య. "ఆస్పత్రిలో బరువు విన్నప్పుడు తెలిసింది. మీకు తెలియకూడదనే నోరు కట్టేసుకున్నాడు. కుర్రాడు బతిమాలితే ఒక్క మాత్ర ఇచ్చాడు, అంతే. అసలు ఆ రెండో తూకమే లేదు. మొన్న సాయంత్రమే కోటు ఎత్తేశాడు. బాకా ఆ సంగతి మీకెవరికీ చెప్పలేదు."

ఆ తండ్రికి బాకా మీద కోపం వస్తుందనుకున్నాడు సందేహాలయ్య. అరుస్తాడనుకున్నాడు, తల గోడకు కొట్టుకుంటాడనుకున్నాడు. ఏదీ లేదు. ఆ మాట అసలు వినలేదేమో.

"నిన్న పోలీస్ స్టేషన్ ముందు, అందరూ చూస్తుండగా, మా బావమరిది ముఖాన ఉమ్మేశాను," అన్నాడు తండ్రి. "వాడు తుడుచుకోలేదు కూడా."

తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "వాణ్ణి వదిలేయండి బాబూ. వాళ్లక్క అన్నం ముట్టలేదు. వాడు వస్తే తప్ప తినదు. నన్ను పెట్టండి ఎక్కడ పెట్టాలో."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "పెద్దాయనా, మిమ్మల్ని ఎక్కడా పెట్టను. మీ బావమరిదిని నేనే ఇంటికి తీసుకొస్తాను. నా జీపులోనే."

తండ్రి తలూపాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. బెంచీ మీద పట్టీలు కోసే కత్తెర ఉంటే అందుకుని, కాటా డయల్ మీది టేపు మొత్తం పొరలు పొరలుగా ఊడబెరికాడు. కత్తెర మొనను పక్కనున్న మరలో దూర్చాడు.

"అది సాక్ష్యం..." అంటూ ఇన్‌స్పెక్టర్ ముందుకు కదిలాడు. సందేహాలయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఫోటో ఉందిగా," అన్నాడు గుసగుసగా. బావమరిది బావ ముఖం చూశాడు. ఆగిపోయాడు.

ఎన్నో చేతులకు పట్టీలు చుట్టిన వేళ్లు ఆయనవి. మర కిర్రుమంది. "ఈ పీఠం ఎక్కిన ప్రతి పిల్లాడి దగ్గరా కిలోన్నర ఎక్కువే లాక్కున్నాను," అన్నాడు, పని మీంచి చూపు తిప్పకుండా. "మంచికే కదా అనుకున్నాను. ఒక్కడికీ తిరిగివ్వలేదు."

ముల్లు ఒకటిన్నర మీంచి ఒకటికి జరిగింది. అక్కడ కాస్త మొరాయించింది. ఆయన ఊపిరి బిగబట్టి ఇంకొంచెం తిప్పాడు. ముల్లు సగానికి వచ్చింది, వణికింది, మెల్లగా దిగి సున్నా మీద నిలిచింది.

తండ్రి కత్తెర కింద పెట్టాడు. నేల మీది గౌను తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ మొదటినుంచి మడతపెట్టాడు.

"వాడిది వాడికి ఇచ్చేశాను," అన్నాడు.